మూడో కునుకు మాయమైన వేళ

ఏడో నెల నడుస్తున్న పాప. పొద్దున తొమ్మిదిన్నరకు ఒకసారి, మధ్యాహ్నం ఒంటిగంటకు ఒకసారి హాయిగా పడుకుని లేచింది. ఇప్పుడు సాయంత్రం అయిదు. నిన్నమొన్నటిదాకా ఈ వేళకు ఊయలలో వేసి నాలుగు ఊపులు ఊపితే చాలు, మూడో కునుకు తీసేది. ఇవాళ ఊయల అంచు రెండు చేతులతో పట్టుకుని తల బయటికి పెట్టి నవ్వుతోంది. "దిష్టి తగిలిందే, ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వెయ్యి" అంటుంది అమ్మమ్మ. పళ్ళొస్తున్నాయేమోనని తండ్రి చిగుళ్ళు తడిమి చూస్తాడు. తల్లి ఫోనులో వెతుకుతుంది. ఏడు కొట్టేసరికి ఆ నవ్వు కాస్తా పోయి పాప గుక్కపెట్టి ఏడవడం మొదలుపెడుతుంది.

ముగ్గురూ తలోదారిలో ఆలోచిస్తున్నారు గానీ ముగ్గురి మనసులోనూ ఉన్నది ఒక్కటే: నిన్నటిదాకా బాగున్నదేదో ఇవాళ చెడిపోయిందని. చెడిపోయిందేమీ లేదు. పాప మెదడు కాస్త ఎదిగింది. మునుపటికంటే ఎక్కువసేపు మెలకువగా ఉండటం దానికి చేతనవుతోంది, కాకపోతే ఇంకా పూర్తిగా చేతకాలేదు. సాయంత్రం నవ్వుకూ రాత్రి ఏడుపుకూ మధ్య ఉన్న తేడా అంతా ఆ 'ఇంకా పూర్తిగా' అన్నదాంట్లోనే ఉంది. మొదటి ఏడాదిన్నరలో పగటి నిద్ర ఇలా చాలాసార్లు రూపు మారుస్తుంది. ఎందుకు మారుస్తుందో తెలిస్తే ఏం చెయ్యాలో చాలావరకు తెలిసిపోతుంది.

నిద్రను నడిపేవి రెండు

స్విట్జర్లాండులోని జ్యూరిక్‌లో పనిచేసిన అలెగ్జాండర్ బోర్బెలీ 1982లో ఒక నమూనా ప్రతిపాదించాడు. నిద్రశాస్త్రం ఇప్పటికీ దాని మీదే నిలబడి ఉంది. ఆయన లెక్క ప్రకారం మనల్ని పడుకోబెట్టేవి, లేపేవి రెండు ప్రక్రియలు. మొదటిది నిద్ర ఒత్తిడి. మెలకువగా ఉన్నంతసేపూ ఇది పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది. మెదడు కణాలు శక్తిని ఖర్చుపెట్టేకొద్దీ అడెనోసిన్ అనే పదార్థం పోగుపడటం ఈ ఒత్తిడికి ఒక ముఖ్య కారణం. కాఫీ తాగితే నిద్ర ఎగిరిపోయేది కూడా ఇందుకే: అడెనోసిన్ వెళ్ళి అతుక్కోవలసిన చోట్లను కెఫీన్ ముందే ఆక్రమించుకుంటుంది.

రెండోది జీవ గడియారం. రెండు కళ్ళ నుంచి వచ్చే నాడులు మెదడు అడుగున ఒకదాన్నొకటి దాటుకునే చోటు ఒకటుంది. దానికి సరిగ్గా పైన దాదాపు 20,000 కణాల గుత్తి ఉంటుంది. కంట్లో పడే వెలుతురును బట్టి ఇది పగలూ రాత్రీ గుర్తుపట్టి, చీకటి పడ్డాక మెలటోనిన్ విడుదలయ్యేలా చూస్తుంది. సాయంత్రం పూట మాత్రం, పొద్దుటి నుంచీ పోగైన ఒత్తిడికి మనం లొంగిపోకుండా, మెలకువ సంకేతాన్ని గట్టిగా పంపుతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, మూడో కునుకు దగ్గర పనికొస్తుంది.

అప్పుడే పుట్టిన బిడ్డలో ఈ రెండూ పెద్దవాళ్ళలో ఉన్నట్టు ఉండవు. నిద్ర ఒత్తిడి చిన్న చెంబు కుళాయి కింద పెట్టినట్టు ఇట్టే నిండిపోతుంది. గంట మెలకువగా ఉంటే చాలు, పొంగిపొర్లుతుంది. జీవ గడియారమైతే ఇంకా నడవడమే మొదలుపెట్టలేదు. కడుపులో ఉన్నన్నాళ్ళూ తల్లి మెలటోనిన్ మావి దాటి బిడ్డకు అందుతుంది. పుట్టగానే ఆ సరఫరా ఆగిపోతుంది. బిడ్డ సొంత మెలటోనిన్ లయ రెండు మూడు నెలలకు గానీ కుదురుకోదు. తల్లి పాలలో మెలటోనిన్ రాత్రిపూట ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఈలోగా ఆ దారిన కొంత అందుతుంది.

అందుకే మొదటి రెండు నెలల్లో 'పగటి నిద్ర' అని విడిగా చెప్పుకోవడానికేమీ ఉండదు. రోజుకు 14 నుంచి 17 గంటల నిద్ర ఉంటుంది గానీ అది ఇరవై నాలుగు గంటల్లో ముక్కలు ముక్కలుగా చెల్లాచెదురై ఉంటుంది. పగలంతా పడుకుని రాత్రంతా జాగారం చేయించే పసిగుడ్డును 'రాత్రీ పగలూ తిరగేసుకుంది' అంటారు. తిరగేసుకోవడానికి దానికింకా రాత్రీ పగలూ అన్నవే లేవు. అమెరికా నిద్రవైద్య అకాడమీ 2016లో ఏ వయసుకు ఎంత నిద్ర అవసరమో సిఫార్సులు ఇచ్చినప్పుడు నాలుగు నెలల లోపు పిల్లలకు అంకె వెయ్యనేలేదు. ఆ వయసులో సహజమైన తేడాలే అంత ఎక్కువ.

కనురెప్పల కింద కదలిక

పసిపిల్లల నిద్రను ఓపిగ్గా కూర్చుని చూసినవాళ్ళలో ముందు చెప్పుకోవలసినవాడు యూజీన్ అసరిన్‌స్కీ. షికాగో విశ్వవిద్యాలయంలో నథానియెల్ క్లైట్‌మన్ దగ్గర విద్యార్థి. నిద్రపోతున్న పిల్లల కనురెప్పల కదలికలు గమనించమని గురువు పని అప్పజెప్పాడు. గంటల తరబడి ఉయ్యాల పక్కన కూర్చుని రెప్పలు చూడటం ఎంత విసుగు పనో పసిబిడ్డను పడుకోబెట్టిన ఎవరికైనా తెలుసు. అసరిన్‌స్కీకి ఒక క్రమం కనిపించింది. కొంతసేపు రెప్పల కింద కనుగుడ్లు అటూ ఇటూ పరిగెడతాయి, పెదాలు ముడుచుకుంటాయి, చేతులు ఉలిక్కిపడతాయి. కొంతసేపు అంతా నిశ్చలం. మళ్ళీ కదలిక. తర్వాత పెద్దవాళ్ళలోనూ అదే చూశారు. 1953లో ఆ గురుశిష్యులు ప్రచురించిన చిన్న వ్యాసంతో రెమ్ నిద్ర, అంటే కళ్ళు వేగంగా కదిలే నిద్ర, లోకానికి తెలిసింది. పసిపిల్లల మీది వివరాలు 1955లో వచ్చాయి.

మన పెద్దవాళ్ళు నిద్రలో నవ్వే బిడ్డను చూసి దేవుడు ఆడిస్తున్నాడంటారు. ఆ నవ్వు ఎక్కువగా కనిపించేది ఈ కదలిక నిద్రలోనే. నెలల పిల్లల నిద్రలో దాదాపు సగం ఇదే. ఇలా కదలికా నిశ్చలమూ కలిసిన ఒక నిద్రచక్రం పెద్దవాళ్ళలో సుమారు 90 నిమిషాలైతే పసిపిల్లల్లో 50 నుంచి 60 నిమిషాలే. చక్రం చివర నిద్ర పలచబడుతుంది. పగలు ఒత్తిడి తక్కువగా ఉంటుంది కాబట్టి అక్కడే తెగిపోతుంది. బిడ్డ ముప్పావుగంటకే కళ్ళు తెరిచిందని బెంగపడే తల్లులకు ఈ ఒక్క అంకె చాలు: అది దాదాపు ఒక చక్రం పూర్తిచేసుకుని లేచింది. కళ్ళు తెరిచి చుట్టూ చూస్తూ ఆడుకుంటుంటే దానికి సరిపడా నిద్ర అందినట్టే. ఏడుస్తూ లేచి, భుజాన వేసుకోగానే మళ్ళీ తూగుతుంటే మాత్రం ఇంకా మిగిలి ఉన్నట్టు.

మూడు నాలుగు నెలల మధ్య ఈ నిద్ర నిర్మాణమే మారిపోతుంది. అప్పటిదాకా నేరుగా కదలిక నిద్రలోకి జారుకునే బిడ్డ ఇక నుంచి పెద్దవాళ్ళలాగే ముందు నిశ్చల నిద్రలోకి వెళుతుంది. ఆ నిద్రకు లోతైన, తేలికైన దశలు ఏర్పడతాయి. సరిగ్గా ఈ రోజుల్లోనే చాలా ఇళ్ళలో పగటి నిద్ర చెల్లాచెదురవుతుంది. ఇంగ్లీషు పుస్తకాలు దీన్ని నిద్ర తిరోగమనం అని భయపెడతాయి. నాకు ఆ పేరు నచ్చదు. మెదడు ఒక మెట్టు ఎక్కితే దాన్ని వెనకడుగు అనడం ఏమి న్యాయం?

సెలవు అయిపోయే నెల

ఆరు నుంచి తొమ్మిది నెలల మధ్య మూడు కునుకులు రెండవుతాయి. జీవ గడియారం ఇప్పటికి బాగా నడుస్తోంది, సాయంత్రపు మెలకువ సంకేతం కూడా పంపుతోంది. మూడో కునుకు వేళ సరిగ్గా దానికి ఎదురుపడుతుంది. అందుకే అయిదింటికి పాప నవ్వుతూ కూర్చుంటుంది. ఏడింటికి ఒత్తిడి గెలుస్తుంది.

మన దేశంలో ఈ మార్పుకు మరో చిక్కు తోడవుతుంది. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పటి నుంచి మొదటి ఇద్దరు పిల్లల కాన్పులకు తల్లికి 26 వారాల సెలవు. అందులో కొన్ని వారాలు కాన్పుకు ముందే వాడుకుంటే బిడ్డకు ఆరు నెలలు నిండకముందే, లేదంటే సరిగ్గా నిండేసరికి తల్లి ఆఫీసుకు వెళ్ళాలి. పుట్టింటి నుంచి వచ్చేయడం, అన్నప్రాసన, ఘనాహారం, కొత్త ఆయా లేదా క్రెష్, బోర్లా పడటం దాటి పాకడం, ఆపైన నిద్ర మారడం, అన్నీ ఒకేసారి మీద పడతాయి. వీటిలో ఏది దేనికి కారణమో విడదీయబోవడం వృథా. పాకడం మొదలెట్టే రోజుల్లో పిల్లలు రాత్రిళ్ళు ఎక్కువగా లేస్తారని ఇజ్రాయెల్‌లోని హైఫా విశ్వవిద్యాలయంలో అనత్ షెర్ చేసిన పరిశోధనలు చూపించాయి. పగలంతా సాధన చేసిన మోకాళ్ళు రాత్రి పక్క మీద కూడా ఊరుకోవు.

అసలు పగలు ఎందుకు పడుకోవాలి?

ఈ ప్రశ్నకు 2015లో వచ్చిన ఒక ప్రయోగం చక్కటి జవాబు ఇస్తుంది. జర్మనీలో సబీనా జేహాగెన్ బృందం ఆరు నెలల, పన్నెండు నెలల పిల్లల్ని, మొత్తం 216 మందిని తీసుకుంది. ఒక చేతిబొమ్మను చూపించి, దాని చేతి తొడుగు తీసి, ఆడించి, మళ్ళీ తొడిగారు. పిల్లలు చూశారు. కొన్ని గంటల తర్వాత అదే బొమ్మను పిల్లల ముందు పెట్టి ఏం చేస్తారో చూశారు. బొమ్మాట చూసిన నాలుగు గంటల్లోపు కనీసం అరగంట పడుకున్న పిల్లలు దాన్ని గుర్తుంచుకుని చేసి చూపారు. పడుకోనివాళ్ళు అసలు చూడనివాళ్ళలాగే ఉన్నారు. కొత్తగా నడక నేర్చిన పిల్లలకు గొట్టం లాంటి సొరంగంలోంచి దూరడం నేర్పి, కొందరిని పడుకోనిచ్చి, కొందరిని పడుకోనివ్వకుండా చూసిన సారా బర్గర్, అనత్ షెర్‌ల 2017 ప్రయోగంలోనూ పడుకున్నవాళ్ళే మెరుగు.

అంటే నేర్చిన ప్రతి ముక్కా పసి మెదడు త్వరగా పక్కన భద్రపరుచుకోవాలి. రాత్రిదాకా ఆగితే జారిపోతుంది. జ్ఞాపకాలను మొదట పట్టి ఉంచే భాగం మెదడు లోతుల్లో ఉన్న హిప్పోక్యాంపస్. మసాచుసెట్స్‌లో రెబెకా స్పెన్సర్, మేరీలాండ్‌లో ట్రేసీ రిగ్గిన్స్ 2022లో ఒక ప్రతిపాదన చేశారు. ఈ భాగం పరిపక్వం కానంతకాలం జ్ఞాపకాలను పొదుపుగా పెట్టుకోలేదు కాబట్టి నిద్ర ఒత్తిడి తొందరగా పెరుగుతుంది, అది ఎదిగేకొద్దీ కునుకులు ఒక్కొక్కటే అవసరం లేకుండా పోతాయి అని. ఇది ఇంకా పరీక్షల్లో ఉన్న ఊహే అయినా నాకు నమ్మదగినదిగా కనిపిస్తోంది. ఒకే వయసు పిల్లలిద్దరు వేర్వేరు నెలల్లో కునుకు మానేయడానికి ఇది అర్థం చెబుతుంది.

ఇద్దరు పిల్లల్ని పోల్చడం ఎంత దండగో చెప్పే లెక్క కూడా ఒకటి ఉంది. జ్యూరిక్‌లోనే 493 మంది పిల్లల్ని పసితనం నుంచి పదహారేళ్ళదాకా అనుసరించి 2003లో ఫలితాలు ప్రకటించారు. ఆరు నెలల వయసులో రోజు మొత్తం నిద్ర సగటున 14.2 గంటలు. కానీ బాగా తక్కువ పడుకునే పాతిక శాతాన్నీ, బాగా ఎక్కువ పడుకునే పాతిక శాతాన్నీ తీసేశాక మధ్యలో మిగిలిన సగం మంది మధ్యే రెండున్నర గంటల తేడా ఉంది. పక్కింటి బాబు మధ్యాహ్నం మూడు గంటలు పడుకుంటాడట, మనవాడు గంటే పడుకుంటాడు అని కుమిలిపోయే ముందు ఈ రెండున్నర గంటలు గుర్తు తెచ్చుకోవాలి.

ఇదే కారణంగా, 'ఇన్ని నెలలకు ఇన్ని గంటల మెలకువ' అంటూ ఫోన్లలో తిరిగే పట్టీలను నేను పెద్దగా లెక్కలోకి తీసుకోను. సుమారుగా ఒక అంచనాకు పనికొస్తాయి, అంతవరకే. వాటి వెనక నిమిషాల లెక్కను సమర్థించేటంత పరిశోధన లేదు. బిడ్డే గడియారం చూపిస్తుంది. ఆట మీద నుంచి చూపు మరలుతుంది, కళ్ళు నులుముకుంటుంది, చెవి లాక్కుంటుంది. మరో గుర్తు చాలామంది గమనించనిది: నిద్రకు ముందు శరీరం లోపలి వేడి చర్మం దారిన బయటికి పోవడం మొదలవుతుంది, అరచేతులూ అరికాళ్ళూ వెచ్చబడతాయి. పాల సమయంలో పాదం చేతిలోకి తీసుకుంటే తెలిసిపోతుంది. నలుగు పెట్టి వేడినీళ్ళు పోసిన బిడ్డ సోలిపోయి పడుకోవడంలోనూ ఈ వేడి ప్రయాణం పాత్ర ఉంది. ఆ తర్వాత వేసే సాంబ్రాణి పొగకు మాత్రం నిద్రతో ఏ సంబంధమూ లేదు, పసి ఊపిరితిత్తులకు పొగ ఏదైనా చెరుపే.

మార్పు నడుస్తున్న రోజుల్లో

మూడో కునుకు కోసం సాయంత్రమంతా ఊయల ఊపుతూ కుస్తీ పట్టకండి. పాతిక నిమిషాలు ప్రయత్నించి వదిలేయండి. ఆ రోజు రాత్రి అరగంటో గంటో ముందే పడుకోబెట్టండి. మన ఇళ్ళలో కష్టమైన పని ఇదేనని తెలుసు. 17 దేశాలు, ప్రాంతాల్లో 29,287 మంది పసిపిల్లల మీద జోడీ మిండెల్ బృందం 2010లో ప్రచురించిన సర్వేలో, ఆసియా పిల్లలు పడుకునే వేళ మిగతావారికంటే బాగా ఆలస్యమని తేలింది. న్యూజిలాండ్‌లో సగటున ఏడున్నర, హాంకాంగ్‌లో పది దాటాక. మన దగ్గరా తండ్రి ఆఫీసు నుంచి వచ్చి ఆడించేదాకా, టీవీ సీరియళ్ళు అయ్యేదాకా ట్యూబులైటు కింద పాప కూర్చోవలసిందే. కొలరాడోలో మూడు నుంచి అయిదేళ్ళ పిల్లలకు పడుకునే ముందు గంటసేపు బాగా ప్రకాశవంతమైన దీపం చూపిస్తే మెలటోనిన్ 88 శాతం దాకా పడిపోయింది, దీపం తీసేసిన 50 నిమిషాల తర్వాత కూడా కోలుకోలేదు. మార్పు కుదురుకునేదాకా కనీసం ఆ ఒక్క గదిలో దీపం తగ్గించండి.

కొన్ని రోజులు రెండు కునుకులు, కొన్ని రోజులు మూడు వస్తాయి. వస్తే రానివ్వండి. మూడోది తీస్తే మాత్రం పొద్దు వాలకముందే లేపేయండి. పగలు వెలుతురు దండిగా ఉండాలి. ఆరు నుంచి పన్నెండు వారాల పిల్లల మీద బ్రిటన్‌లో చేసిన 2004 పరిశోధనలో రాత్రి బాగా పడుకున్న పిల్లలు మధ్యాహ్నం పన్నెండు నాలుగు మధ్య ఎక్కువ వెలుతురు చూసినవాళ్ళే. మే నెల ఎండలో పిల్లను వీధిలో తిప్పమని కాదు, నీడపట్టున వరండా చాలు.

ఎత్తుకుంటే పడుకుంటుంది, పక్క మీద వేస్తే లేస్తుంది అన్నది అందరి ఫిర్యాదు. జపాన్‌లోని రికెన్ సంస్థలో కుమి కురోడా బృందం 21 మంది పిల్లలకు గుండె వేగం కొలిచే పరికరాలు పెట్టి దీన్నే పరిశీలించి 2022లో ప్రచురించింది. ఏడుస్తున్న బిడ్డను ఎత్తుకుని ఆగకుండా అయిదు నిమిషాలు నడిస్తే ఏడుపు ఆగింది, దాదాపు సగం మంది నిద్రలోకి జారుకున్నారు. వెంటనే పడుకోబెడితే కొంతమంది లేచిపోయారు. గుండె వేగం పెరిగిన క్షణం చూస్తే, వీపు పరుపుకు తగిలినప్పుడు కాదు, పొట్ట తల్లి ఒంటి నుంచి విడివడినప్పుడు. నిద్రపోయాక మరో అయిదు నుంచి ఎనిమిది నిమిషాలు ఒళ్ళో ఉంచుకుని కూర్చుంటే నిద్ర చిక్కబడుతుంది, అప్పుడు పడుకోబెట్టాలని వాళ్ళ సలహా.

ఊయల సంగతి. ఊపు నిద్ర తెప్పిస్తుందన్నది నమ్మకం మాత్రమే కాదు. జెనీవాలో 2011లో 12 మంది మగవాళ్ళను నాలుగు సెకన్లకొక ఊపు చొప్పున ఊగే మంచం మీద మధ్యాహ్నం పడుకోబెడితే మామూలుకంటే త్వరగా నిద్రపోయారు. దూలానికి రెండు మీటర్ల పొడవున వేలాడే మన చీర ఊయల ఒక ఊపుకు దాదాపు మూడు సెకన్లు తీసుకుంటుంది, ఆ మంచం లయకు కాస్త దగ్గరే. అయితే చీరలో బిడ్డ వంగి ముడుచుకుని ఉంటుంది. గడ్డం ఛాతీకి ఆనితే పసివాళ్ళ ఊపిరిదారి మూసుకుపోవచ్చు. బోర్లా పడటం, లేచి కూర్చోవడం వచ్చాక జారిపడే ప్రమాదం, గుడ్డ ముఖానికి చుట్టుకునే ప్రమాదం. కళ్ళు మూతలు పడేదాకా దగ్గరుండి ఊపి, నిద్రపోయాక గట్టిగా, చదునుగా ఉన్న పక్క మీద వెల్లకిలా వేయడం మేలు. ఆవాల దిండూ వద్దు, మెత్తటి బొమ్మలూ వద్దు. పిల్లల్ని వెల్లకిలా పడుకోబెట్టమని అమెరికాలో 1994 నుంచి ఊరూరా ప్రచారం చేశాక నిద్రలో జరిగే ఆకస్మిక మరణాలు సగానికి పైగా తగ్గాయి.

పన్నెండు, పద్దెనిమిది నెలల మధ్య రెండు కునుకులు ఒకటవుతాయి. ఈసారి పొద్దుటిది పోయి మధ్యాహ్నానిది మిగులుతుంది. అన్నం పదకొండున్నరకు పెట్టేసి పడుకోబెడితే సగం గొడవ తీరుతుంది. ఆ ఒక్కటి కూడా వారం పది రోజులు మొరాయించిందని ఇక మానేసిందనుకోకండి. ప్రపంచవ్యాప్త పరిశోధనలన్నీ కలిపి 2020లో చేసిన సమీక్షలో రెండేళ్ళ లోపు పగటి నిద్ర పూర్తిగా మానేసిన పిల్లలు 2.5 శాతం కంటే తక్కువ.

చివరగా ఒక విన్నపం. పగలు పడుకోవడం లేదని జలుబు మందు చుక్కలు వేసే అలవాటు మన పట్టణాల్లో ఉంది. జలుబుకు వాడే క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన మందు నాలుగేళ్ళ లోపు పిల్లలకు వాడకూడదని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో స్పష్టంగా చెప్పింది. జాజికాయ అరగదీసి పట్టడం కూడా ప్రమాదమే, దానిలోని మిరిస్టిసిన్ మోతాదు మించితే విషం. తేనె ఏడాది నిండేదాకా నాలుకకు రాయకూడదు. బిడ్డ లేపినా లేవకుండా మగతగా ఉన్నా, పాలు తాగకపోయినా, జ్వరం ఉన్నా, మూత్రం బాగా తగ్గినా అది కునుకు మార్పు కాదు, అదే రోజు పిల్లల డాక్టరుకు చూపించండి. ఇవేవీ లేకుండా ఆడుతూ, తాగుతూ, బరువు పెరుగుతున్న బిడ్డ సాయంత్రం ఊయలలో నవ్వుతోందంటే దానికి ఏ మందూ వెయ్యకండి.